శ్రీకాకుళంలో అక్షరాలెన్ని?



మన పిల్లలు, మనవలు ఇవాళ పైథాన్ నేర్చుకుంటున్నారు. అందులో లెన్ అనే బిల్ట్‌ఇన్ ఫంక్షన్ ఉంది. పదం ఇస్తే పొడవు చెబుతుంది. దానికి ‘శ్రీకాకుళం’ ఇవ్వండి, 10 అంటుంది. ఒకటో తరగతి పిల్లనడిగితే శ్రీ, కా, కు, ళం... నాలుగే అంటుంది. ‘విజయనగరం’ మనకి 6, లెన్‌కి 8. ఎందుకీ తేడా?

లోపలికి తొంగి చూద్దాం. మనమంతా మామూలుగా వాడే పైథాన్‌ని సి భాషలో రాశారు. పదం తయారైనప్పుడే దాని పొడవునీ పక్కన మెమరీలో రాసి ఉంచుతుంది. లెన్ ఆ అంకె చూసి చెబుతుంది, అంతే. మాస్టారు హాజరుపట్టీలో వేసిన మొత్తం చదవడం లాంటిదే, పిల్లల్ని మళ్లీ లెక్కపెట్టనక్కర్లేదు. సి భాషలోని స్టర్‌లెన్‌కి ఆ పట్టీ లేదు. విలువ సున్నా అయిన బైటు తగిలేదాకా ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోతుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు కాబట్టి, శ్రీకాకుళానికి అది 30 అంటుంది.

మరి ఆ 10 ఎక్కడిది? 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుంది. అందులో హల్లుకొక సంఖ్య, గుణింతపు గుర్తుకొకటి, పొల్లుకొకటి. ‘శ్రీ’ అంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం: నాలుగు. మిగతా మూడక్షరాలకీ రెండేసి. లెన్ చెప్పేది ఈ సంఖ్యల లెక్క. తెలుగు మాస్టారు నేర్పిన అక్షరాల లెక్క కాదు.

ఇది సరదా లెక్క మాత్రమే అనుకోకండి. ఏదో ఫారంలో పేరుకి 20 బైట్లే కేటాయించారనుకోండి. ఇంగ్లిషులో రాసిన శ్రీకాకుళం 10 బైట్లలో ఇమిడిపోతుంది. తెలుగులో రాస్తే ‘శ్రీకా’ దగ్గర తెగి, చివర రెండు బైట్ల చెత్త మిగులుతుంది. ఆ గడిలో ఉన్నది ఒక పిల్లవాడి పేరైతే? సగం పేరుతో సర్టిఫికెట్ వస్తుంది.

దారి ఉంది. ఒత్తుల్ని విడదీయకుండా అక్షరంగా చూడాలన్న నియమం 2023లో యూనికోడ్ 15.1లో తెలుగుకీ చేరింది. దాన్ని పాటించే లైబ్రరీ వాడితే శ్రీకాకుళానికి నాలుగే వస్తుంది.

సాఫ్ట్‌వేర్ రాస్తున్న మన బడి పిల్లలకి ఒక్కటే మనవి. ఫంక్షన్ జవాబు చెప్పగానే నమ్మేయకండి. అది దేన్ని లెక్కపెట్టిందో అడగండి. బైట్లనా, గుర్తులనా, అక్షరాలనా? గురువులకి మరొక మనవి: గుణింతం, ఒత్తులు గట్టిగా నేర్పండి. రేపు ఈ తేడా పట్టుకోగలిగేది ఆ పిల్లలే.

సెలవు.