ఇంట్లో నెట్‌వర్క్ చదువు – సెకండ్‌హ్యాండ్ సామాను ఎంచుకునే తీరు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని కోరారు. చదువు గొప్పదని చెప్పి కూర్చుంటే కొత్తగా చెప్పినదేమీ ఉండదు. అందుకని ఈసారి చిన్నదే అయినా పనికొచ్చే విషయం తీసుకున్నాము. మన పిల్లలు కొందరు కంప్యూటర్ నెట్‌వర్కింగులో సిస్కో కంపెనీ వారి సి.సి.ఎన్.ఎ. పరీక్షకు తయారవుతామంటున్నారు. ఆ చదువు కోసం ఇంట్లో చిన్న ప్రయోగశాల పెట్టుకోవాలంటే పాత సామానులో ఏది కొనాలి, ఏది కొనరాదు అన్నదే నేటి మాట.

ముందు పెద్దలకు అర్థమయ్యేలా చెబుతాము. బ్యాంకులోనైనా ఆసుపత్రిలోనైనా కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే మధ్యన రెండు రకాల పెట్టెలు కావాలి. ఒకచోట ఉన్న కంప్యూటర్లను కలిపేది స్విచ్. ఒక నెట్‌వర్కు నుంచి మరొక నెట్‌వర్కుకు దారి చూపేది రౌటర్. వీటిని అమర్చడం, చెడితే బాగుచేయడం వచ్చునా అని చూసేదే ఈ పరీక్ష. డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. 2020 ఫిబ్రవరి నుంచి 200-301 అనే ఒకే పరీక్ష. సమయం రెండు గంటలు. రుసుము పన్ను కాక 300 డాలర్లు, అంటే పాతికవేల రూపాయలు దాటుతుంది. తప్పితే మళ్లీ అంతా కట్టవలసిందే. చేతి గాజులు కుదువ పెట్టి ఫీజు కట్టే ఇళ్లలో సామాను మీద ఒక్క రూపాయి కూడా వృథా కారాదు.

హైదరాబాదులో అమీర్‌పేట, మైత్రీవనం చుట్టూ శిక్షణ కేంద్రాలు ఎన్నో ఉన్నవి కదా, ఇంట్లో ఎందుకు అంటారేమో. హాస్టలు ఖర్చు అందరూ మోయలేరు. ఆడపిల్లలను అంత దూరం పంపడానికి వెనకాడే ఇళ్లు మనలో ఇంకా చాలా ఉన్నవి. అట్లాంటి పిల్లకు వంటింటి పక్కన బల్లమీద పెట్టిన ఒక స్విచ్, ఒక రౌటరే కాలేజీ.

ఇంకొక భయం కూడా ఉన్నది. “మేము ఉర్దూ మీడియం, ఈ ఇంగ్లీషు చదువు మాకు వస్తుందా?” అని పిల్లలు అడుగుతారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో శాస్త్రాలను, వైద్యాన్ని, ఇంజనీరింగును ఉర్దూలోనే బోధించారు. ఆ పుస్తకాల కోసమే దారుత్తర్జుమా అనే అనువాద శాఖ పనిచేసింది. గనుక మన భాషలో ఆలోచించేవాడికి శాస్త్రం అందదన్న మాట సరికాదు. పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది, నిజమే. కాని రౌటరుకు ఇచ్చే ఆజ్ఞలు చిన్న చిన్న మాటలు. రోజూ చేత్తో కొట్టగా కొట్టగా అవి వేళ్లకే గుర్తుంటాయి. ఆ అభ్యాసం ఎంతవరకు చేయనిస్తుందో చూసే సామాను ఎంచుకోవాలి. పెట్టె పెద్దదా చిన్నదా అన్నది లెక్కలోనిది కాదు.

ఇక కొనే వరుస. మొట్టమొదట ఏమీ కొనకండి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా వస్తుంది. అందులో స్విచ్చులు, రౌటర్లు తెరమీదే అమర్చి ఆజ్ఞలు ఇవ్వవచ్చు. దానితోనే చదివి ప్యాసైనవారూ ఉన్నారు. రెండు నెలలు దానిమీద కూర్చున్న తరువాత కూడా పిల్లవానికి ఆసక్తి నిలిస్తేనే జేబులో చెయ్యి పెట్టండి.

అప్పుడైనా మొదటి డబ్బు మంచి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాపు మీద పెట్టాలి. 16 జి.బి. మెమరీ ఉంటే జి.ఎన్.ఎస్.3 వంటివి కూడా నడుస్తాయి. పరీక్షలో వైర్‌లెస్, ఆటోమేషన్ పాఠాలకు పాత స్విచ్చుల కంటే ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

మరి ఇనుప పెట్టెలెందుకు? వదులైన కేబులు, కాలిపోయిన పోర్టు, మరిచిపోయిన పాస్‌వర్డు ఎట్లా ఉంటాయో తెరమీద అనుభవానికి రావు. ఉద్యోగంలో మొదటి రోజునే ఎదురయ్యేవి ఇవే.

స్విచ్చుల్లో 2960 రకం రెండు చాలు. నంబరు చివర ‘ఎల్’ ఉంటే ల్యాన్ బేస్, ‘ఎస్’ ఉంటే ల్యాన్ లైట్. లైట్‌లో సౌకర్యాలు తక్కువ, గనుక ‘ఎల్’నే అడగండి. ఇల్లు చిన్నదైతే 8 పోర్టుల 2960 దొరుకుతుందేమో చూడండి. దానికి ఫ్యాను లేదు. ముసలివాళ్లు పడుకున్న గదిలో కూడా చదువుకోవచ్చు. రౌటరులో 1841 చవక, రెండు పోర్టులుంటాయి. డబ్బు కుదిరితే దాని తరువాతి తరం 1941 మేలు. 1841 కొనేటప్పుడు లోపలి ఐ.ఓ.ఎస్. పేరులో ‘కె9’ ఉన్నదా చూడండి. అది లేకుంటే ఎస్.ఎస్.హెచ్. సాధన కుదరదు. రెండో రౌటరుకు స్తోమత లేకుంటే ఆ పాఠాలు ప్యాకెట్ ట్రేసర్‌లో చేసుకోవచ్చు.

కొనరానివి కూడా చెప్పాలి. హబ్బులు వద్దు. 2600 రౌటర్లు, 2950 స్విచ్చులు తుక్కు ధరకు ఇచ్చినా వద్దు. సీరియల్ కార్డులు, లావుపాటి కేబుళ్లు కలిపి “పూర్తి సి.సి.ఎన్.ఎ. సెట్టు” అని అమ్ముతారు. ఫ్రేమ్ రిలే పాఠం 2016లోనే ఈ పరీక్షలోంచి పోయింది. పోయిన పాఠానికి డబ్బెందుకు?

సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, పార్క్‌లేనుకు పోయి చూసి కొనవచ్చు. 2023 అక్టోబరు నుంచి సిద్దిపేటకు రైలు కూడా వచ్చింది. పోయేటప్పుడు ల్యాప్‌టాపు, నీలిరంగు కన్సోల్ కేబులు, యు.ఎస్.బి. కన్వర్టరు, ఒక మామూలు నెట్‌వర్కు కేబులు వెంట తీసుకుపోండి. దుకాణంలోనే కరెంటు పెట్టించి, మొదలయ్యేటప్పుడు వచ్చే అక్షరాలను చివరిదాకా చదవండి. ‘షో వెర్షన్’ కొట్టి మోడలు, మెమరీ, ఐ.ఓ.ఎస్. పేరు రాసుకోండి. ‘షో ఇన్వెంటరీ’లోని సీరియల్ నంబరు పెట్టెమీది చీటీతో కలిసిందా చూడండి. ప్రతి పోర్టులో కేబులు పెట్టి దీపం వెలిగిందా చూడండి. దుకాణదారు తొందరపెడితే లేచి రండి. బిల్లు మాత్రం తప్పక తీసుకోండి.

పాస్‌వర్డు అడుగుతున్నదని ఒక రౌటరును చవకగా ఇస్తే భయపడకండి. చాలావరకు అది లోపం కాదు, మొదటి పాఠం. మొదలవుతున్నప్పుడు బ్రేక్ కొట్టి, కాన్ఫిగ్ రిజిస్టరును 2142కు మార్చి, పని అయినంక తిరిగి 2102కు పెట్టాలి. కాని నకిలీ సరుకు విషయంలో జాగ్రత్త. 2960-ఎక్స్ స్విచ్చులకే నకిలీలు బయటపడినట్లు 2020లో ఎఫ్-సెక్యూర్ అనే సంస్థ నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేరు మార్చగానే అవి పనిచేయడం మానినవి. ఇంకొక మాట. పాత పెట్టె కొన్నంత మాత్రాన కంపెనీ నుంచి కొత్త ఐ.ఓ.ఎస్. దింపుకునే హక్కు రాదు. కొనేనాడు లోపల ఏది ఉన్నదో దానినే చూసి కొనాలి.

ఇంటికి తెచ్చినంక ‘రైట్ ఎరేజ్’ చేసి, స్విచ్చులో వి-లాన్ సమాచారం దాచే ఫైలును కూడా తుడిచివేయండి. పాత ఆఫీసు సమాచారం మన చేతిలో ఉండడం మంచిది కాదు. పైగా తుడవని స్విచ్చును నడుస్తున్న ఆఫీసు నెట్‌వర్కులో తగిలిస్తే, వి.టి.పి. పుణ్యమా అని అక్కడి వి-లాన్లన్నీ చెరిగిపోయే ప్రమాదం ఉన్నది. ఈ ఒక్క అలవాటు ఉద్యోగాన్ని నిలబెడుతుంది.

చివరగా సంఘానికి ఒక విన్నపము. ఈ సామాను ఒక పిల్లవానికి ఆరేడు నెలలే పని. ఆ తరువాత అటక మీదికి పోతుంది. నాలుగిళ్లవారు కలిసి కొంటే నలుగురు పిల్లలు వంతులవారీగా చదువుకుంటారు. సంఘమే రెండు స్విచ్చులు, రెండు రౌటర్లు కొని, లైబ్రరీ పుస్తకాల లాగా రిజిస్టరులో సంతకం తీసుకొని నెల నెలకు ఇస్తే ఇంకా మేలు. హైదరాబాదులో, గల్ఫులో కంపెనీల్లో పనిచేస్తున్న మన సోదరులు, తమ ఆఫీసు తీసివేసే సామానును యజమాని రాతపూర్వక అనుమతితో ఇప్పించగలిగితే ఖర్చు ఇంకా తగ్గుతుంది. మొదటి వంతు ఊరు దాటి చదువుకోలేని ఆడపిల్లలకు ఇవ్వాలని మా కోరిక.

 ఈ ఏడు బడ్జెటులో ఈ పద్దుకు చోటిస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.