పాట క్లాసులో బిడ్డ పక్కన కూర్చోండి

(హోసూరులో జరిగిన ఉపకారవేతనాల సభలో ఒక సంగీత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద చదువుల సభలో పసిపిల్లల పాటల ఊసేమిటని మీకు అనిపించవచ్చు. మూడేళ్ళు నిండీ నిండకముందే పిల్లల్ని పాట క్లాసుకు తెస్తున్నారు. తెచ్చినవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "టీచర్, పాట నేర్పిస్తే లెక్కలు బాగా వస్తాయంట కదా?" ఫీజు కట్టేది మీరు కనుక నేరుగానే చెబుతాను. ఆ ఆశతో చేర్చకండి.

ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడండి. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం వినిపించి చిన్న పరీక్ష పెట్టారు. ఆకారాలు, కాగితం మడతల ప్రశ్నల్లో కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటకు మించి నిలవలేదు. వారిలో పసిపిల్లలు ఒక్కరూ లేరు. అయినా 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం క్యాసెట్టో సీడీయో ఇవ్వడానికి డబ్బు అడిగారు! తరువాత 2013లో హార్వర్డ్ పరిశోధకులు నాలుగేళ్ళ పిల్లలను తల్లిదండ్రులతో కలిపి ఆరు వారాలు సంగీతం క్లాసులో కూర్చోబెట్టి పరీక్షించారు. తెలివితేటల్లో నమ్మదగిన తేడా కనబడలేదు. ఆరు వారాలు తక్కువే, కాదనను.

మాటల దగ్గరికి వస్తే సంగతి వేరు. 2002లో కెనడాలో నాలుగైదేళ్ళ పిల్లలు వందమందిని పరిశీలించారు. సంగీతంలోని తేడాలు బాగా పట్టిన పిల్లలు మాటలోని శబ్దాలను కూడా బాగా విడదీశారు, చదవడంలోనూ ముందున్నారు. పాట వల్లే చదువు వచ్చిందని దీనితో తేలదు. కానీ రెండింటికీ పదునైన చెవి కావాలన్నది మాత్రం తెలుస్తోంది.

మన తెలుగుకు ఇది మరీ బాగా కుదురుతుంది. చప్పట్లు కొడుతూ 'పలక' అనిపించండి, మూడు చప్పట్లు. 'పుస్తకం' అనిపించండి, పు, స్త, కం, మళ్ళీ మూడే. రాసినా మూడక్షరాలే. ఇంగ్లీషులో 'స్కూల్' ఒక్క చప్పట్లో అయిపోతుంది, రాయబోతే ఆరక్షరాలు! చెవికి ముందే పరిచయమైన అక్షరం పలక మీద కనబడితే బిడ్డకు భయం ఉండదు.

2006 చట్టం తరువాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మనం బతుకుతున్న నేల భాష, నేర్చుకోవలసిందే. తెలుగు మాత్రం చాలామంది పిల్లలకు ఇంటి భాషగానే మిగిలింది. విచిత్రమేమిటంటే, తెలుగు అక్షరం రాని ఆ పిల్లే రేపు కర్ణాటక సంగీతానికి వెళితే పాడేది తెలుగే. వర్ణాల్లో ఎక్కువ భాగం తెలుగువి. తిరువయ్యారులో కూర్చుని త్యాగరాజస్వామి రాసిన కీర్తనల్లో చాలావరకు తెలుగువే. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం కనుక దాని పక్కన అంకెలు వేసుకుని, అర్థం తెలియకుండా పాడే తెలుగు పిల్లలను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక తల్లిదండ్రుల సంగతి. 2016లో అచ్చయిన ఒక పరిశోధన నాకు బాగా నచ్చింది. ఐదు నెలల పిల్లలకు అమ్మో నాన్నో ఒకటి రెండు వారాలు ఇంట్లో ఒక కొత్త పాట పాడారు. ఆ తరువాత ఇద్దరు కొత్తవాళ్ళను చూపిస్తే, అదే వరుస పాడిన మనిషి వైపే పిల్లలు ఎక్కువసేపు చూశారు. అదే పాట బొమ్మలోంచి వినిపించినప్పుడు, వీడియోలో వేరొకరు పాడినప్పుడు ఆ మొగ్గు కనబడలేదు. ఫోనులో పాటలు పెట్టి అన్నం తినిపించే అమ్మలు దీన్ని కాస్త ఆలోచించాలి.

అందుకే బిడ్డను గేటు దగ్గర దించి స్కూటరు మీద కూర్చోవద్దు. లోపలికి వచ్చి చాప మీద పక్కన కూర్చోండి. "నాకు గొంతు లేదు టీచర్" అంటారు. మూడేళ్ళ బిడ్డ మీ శ్రుతికి మార్కులు వేయదు. అమ్మే రావాలని కూడా లేదు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన నాన్న, లాలిపాటలు మరచిపోని నాయనమ్మ, ఎవరైనా సరే. క్లాసులో పాడింది ఇంట్లో నీళ్ళు పోసేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు మళ్ళీ పాడండి. అసలు పని అక్కడే జరుగుతుంది, నా క్లాసులో కాదు. మూడేళ్ళకే పరీక్ష, స్టేజీ అనేవారి దగ్గర మాత్రం చేర్చకండి.

విద్యార్థులకు ఒక మాట. మీ ఇళ్ళలో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, అక్కల పిల్లలు ఉంటారు. సెలవులకు వెళ్ళినప్పుడు ఐదు నిమిషాలు వాళ్ళతో చెమ్మచెక్క ఆడండి.

ట్రస్టు పెద్దలకు ఒక విన్నపం. ఆదివారం ఉదయం ఈ హాలు ఒక గంట ఇప్పించండి. నాలుగు చాపలు చాలు, మైకు అక్కరలేదు. నేను వచ్చి నేర్పుతాను, జీతం వద్దు. ప్రతి బిడ్డ పక్కన ఇంటి మనిషి ఒకరు కూర్చోవాలన్నదే నా షరతు. పేర్లు ఈ రోజే రాసుకుంటాను. సెలవు.