పోగుల నడుమ వన్నె



వర్ణవిచారము చిత్రకారుని సొత్తనియు, నేతగానికి నూలు లెక్కయు కూలి లెక్కయు తెలిసిన చాలుననియు తలచువారు మన పండితలోకమున సైతము కొరతగా లేరు. దామెర్ల రామారావు వంటి వర్ణవేత్తను కని, ఆయన పేరిట చిత్రశాలను నిలుపుకొన్న ఈ రాజమహేంద్రవరమునందే మగ్గము పక్షమున వకాల్తా పుచ్చుకొనుటకు నేను సాహసించుచున్నాను.

చిత్రకారుడు రెండు రంగులను పళ్లెరములో కలిపి మూడవదానిని పుట్టింపగలడు; నచ్చనిదానిపై మరియొక పూత పూయగలడు. నేతగానికి ఈ రెండు సదుపాయములును లేవు. అతని రంగు పోగును విడిచి రాదు. పోగు పోగుగనే నిలిచియుండ, కలయిక యంతయు చూపరి కంటిలో జరుగును. నీలపు పడుగులో ఆకుపచ్చ పేక దూరినపుడు నెమలికంఠపు వన్నె పుట్టి, మడతమడతకును మారుచు మెరయుటకు కారణ మిదియే. పట్టున ఈ విలాసము మిక్కుటము, నూలున మందము. ఏలూరు తివాచీలో మరియొక తమాషా కలదు: ఉన్ని కుచ్చులు ఒకవైపునకు వాలియుండుటచే, అదే ఎరుపు ఒక కొసనుండి చూడ లేతగాను, రెండవ కొసనుండి చూడ ముదురుగాను కనబడును. అద్దకమువా డిచ్చినది ఒక్క ఎరుపే, నేత దానిని రెండు చేసినది.

ప్రక్కప్రక్కనున్న రంగులు కంటిలో ఒకదాని నొకటి మార్చు మర్మమును శాస్త్రముగ నిలిపినవాడు షెవ్రూల్ అను ఫ్రెంచి రసాయనవేత్త. పారిస్‌లోని గోబెలాఁ కార్ఖానాలో బొమ్మలతెరలకు వలయు ఉన్నికి రంగు లద్దించు అధికారిగ ఆయన యుండగా, నలుపు నిస్తేజముగ నున్నదని ఫిర్యాదు వచ్చెను. పరీక్షింపగా నలుపునందు లోపము లేదు. దాని సరసన నేసిన నీలము, ఊదారంగులే దానిని వెలవెలబోవ జేసినవి. 1839లో ఆయన ప్రకటించిన వర్ణవైరుధ్య గ్రంథమునకు మూలము అట్టి కార్ఖానా తగవులే. అనంతరము ఆయన వేలకొలది వన్నెచ్ఛాయలను వర్గీకరింపగా, తెరలు నేయువారు తైలచిత్రములకు నకళ్లు తీయు దారిని మరింత లోతుగ పోయిరి. 20వ శతాబ్దమున ఫ్రెంచి చిత్రకారుడు జాఁ లూర్సా, ఆంజే పట్టణమునందలి 14వ శతాబ్దపు తెరలను చూచి, స్వల్పసంఖ్యలో రంగులే చాలునని నిశ్చయించి, వానికి అంకెలు వేసి నేతగాండ్ర కిచ్చెను. రంగులు తగ్గుటచే తెర బలిసినదేగాని చిక్కలేదని నా తీర్పు.

ఇక మన ఉప్పాడ జాందానీ నేతకు వత్తము. బొమ్మలతెరలో ప్రతి రంగుపేకయు తన పొలిమేరవరకే పోయి వెనుదిరుగును. జాందానీలో నేలపేక అంచునుండి అంచువరకు సాగుచుండగా, బుటాకు వలసిన రంగుపోగును చిన్న కండెతో చేతనే అచ్చటచ్చట జొనుపుదురు. వెడల్పు పనికి ఇద్దరు పక్కపక్కను కూర్చుందురు. ఢాకా జాందానీకి బంధువైన ఈ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కాని గుర్తింపు వచ్చుట వేరు, రంగు నిలుచుట వేరు. ఈనాడు బజారు కోరునది జరీ. జరీ వెలుతురును తిరుగగొట్టి ప్రక్కనున్న మెత్తని వన్నెలను మ్రింగివేయును. గంధపు నేలపై మామిడిచిగురు బుటా ఎంత సొగసుగ నున్నను, దాని చుట్టు జరీ కట్టిన పిమ్మట దాని నెవ్వరును చూడరు. అంతియగాక, సెల్‌ఫోనులో కనబడిన రంగే కావలెనని పట్టుపట్టు గిరాకి యొకటి బయలుదేరినది. తనంత తాను వెలుగు గాజుపలకలోని ఎరుపును, తనపై బడిన వెలుగునే మరలనిచ్చు పట్టుపోగు ఎట్లు చూపగలదు?

ఇది క్రొత్త రోగము కాదు. బందరు పేరిట సీమకేగిన తివాచీలు వర్తకులు చౌకసరకు నిచ్చి నేయించుటచే చెడిపోయినవని ఆంగ్ల గ్రంథకర్త జార్జి బర్డ్‌వుడ్ 1880లోనే వాపోయెను. మన తీరమునందలి చిరివేరు, పటికతో కలిసి ఇచ్చిన ఎరుపు, 1869 తరువాత యంత్రశాలల కృత్రిమ మంజిష్ఠ యెదుట నిలువలేకపోయినది. రసాయనపు రంగులను దూషించుట నా ఉద్దేశము కాదు. వానిలో ఎండకు, ఉతుకుకు తట్టుకొను మేలురకములు కలవు. నా వాదమంతయు నొక్కటే: ఏ రంగుప్రక్క ఏ రంగు నిలువవలెనో నిర్ణయించు అధికారము షేడుకార్డు పట్టుకొన్న బేరగానిది కాక, మగ్గపుగుంటలో కూర్చున్నవానిది కావలెను. మచ్చుకు రెండంగుళములు నేసి చూచుకొను వ్యవధి, ఆ మచ్చుకు కూలి, వానికి దక్కవలెను. ఇప్పుడా మచ్చుగుడ్డ ఖర్చు నేతగాని నెత్తిననే పడుచున్నది.

ఈ సదస్సునకు విచ్చేసిన విద్వాంసులకు నా విన్నపము. శాసనములకు, తాళపత్రములకు చూపిన శ్రద్ధలో కొంత అద్దకపు గాబులకును చూపుడు. ఉప్పాడ, బండారులంక, ఏలూరు వృద్ధులు చెప్పు రంగుపాకములను వారి మాటలలోనే వ్రాసికొనుడు; అద్దిన పోగును ప్రక్కనే అంటించి తేదీ వేయుడు. అట్టి పుస్తకము తెలుగున వెలువడవలెను.