హెచ్చరిక చేరే చోటు

వాతావరణ పరిశోధనలో నెల్లూరు తీరానికి, దాని పరిసరాలకు పెద్ద పాత్రే ఉంది. శ్రీహరికోట నుంచి 2002లో కల్పన-1, 2011లో మేఘా-ట్రోపిక్స్, 2016లో ఇన్‌శాట్-3డీఆర్ నింగికెగిశాయి. తిరుపతి దగ్గరి గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ ఎం.ఎస్.టి. రాడార్ 1990ల నుంచి పైగాలులను కొలుస్తోంది. ఇవన్నీ తెలిసిన సంగతులే. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ సతీశ్ ధావన్ రాకెట్ల గురించి చాలామంది చెప్పారు. ఆయన పక్షులు ఎగిరే తీరు మీద ఒక గ్రంథం రాశారు. కొంగలూ రాజహంసలూ వాలే పులికాట్ ఒడ్డున ఉన్న శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు అందుకే మరింత తగినది.

వాతావరణ పరిశోధన గురించి వివాదమంతా ఒక్క మాట మీదే. అంచనా కచ్చితమైతే ఉపయోగం దానంతటదే వస్తుందన్న నమ్మకం పరిశోధన పథకాల్లో పాతుకుపోయింది. ఆ నమ్మకం ఉన్నవారు రెండు తుపానులను రుజువుగా చూపుతారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో దాదాపు 10,000 మంది పోయారు. 1990 మే 9న అంతటి తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటితే మృతులు వెయ్యి లోపే. నడుమ ఉపగ్రహం వచ్చింది కాబట్టి ప్రాణాలు నిలిచాయని వారి వాదం.

అది సగం నిజం. హెచ్చరికలు 1977లోనూ వెలువడ్డాయి, జనాన్ని కదిలించలేకపోయాయి. 1980ల నడుమ ఇన్‌శాట్ ద్వారా హెచ్చరికను నేరుగా తీరానికి పంపే ఏర్పాటు మొదట దక్షిణ కోస్తాంధ్ర, ఉత్తర తమిళనాడులలోనే జరిగింది. ప్రభుత్వ కార్యాలయాల్లో రిసీవర్ పెట్టెలు పెట్టారు. ముప్పున్న ప్రాంతాల పెట్టెలను మాత్రమే ఎంచి పిలిచేవారు. ముందు సైరన్ మోగేది, ఆ వెనుక స్థానిక భాషలో బులెటిన్ వినిపించేది. 1990లో ఆరు లక్షలకు పైగా జనాన్ని ఖాళీ చేయించింది ఆ కబురూ, దాన్ని పట్టుకుని ఊళ్లు తిరిగిన రెవెన్యూ సిబ్బందీ. ఉపగ్రహమే చాలునంటే 1999లో ఒడిశాలో మళ్లీ దాదాపు 10,000 మంది ఎందుకు పోయారు? అప్పటికి ఉపగ్రహాలు 1990 కంటే మెరుగైనవే. కబురు చేరవేయడం పంపిణీ పని, పరిశోధన కాదన్నది మిగిలిన ఆక్షేపణ. కానీ ఎవరికి, ఎన్ని గంటల ముందు, ఏ మాటల్లో చెబితే కదులుతారన్నది కొలిచి తేల్చవలసిన ప్రశ్న. అది కచ్చితంగా పరిశోధనే.

తుపాను లేని రోజుల్లో ఈ పరిశోధన లోటు ఇంకా స్పష్టం. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుకు జిల్లా మొత్తానికీ కలిపి చెప్పే ‘భారీ వర్షం’ సరిపోదు. గట్టి వానకు గుంట పైనీటిలో ఉప్పదనం పడిపోతుంది. మబ్బు విడవకపోతే తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలతాయి. కరెంటు పోయినా ఏరియేటర్లు తిరగాలంటే జనరేటర్‌కు డీజిల్ సాయంత్రమే తెచ్చుకోవాలి. పట్టపుపాళెంలో పడవ దించేవారు అడిగేది గాలి ముదిరేలోపు ఒడ్డుకు చేరే వ్యవధి ఉందా అని.

ఈ ఉపన్యాసకుడు ప్రస్తుతం చేపట్టిన పని ఇలాంటి నిర్ణయాల నమోదు. ప్రతి హెచ్చరిక పక్కనా అది ఊరికి చేరిన వేళ, దాన్ని విని ఎవరు ఏం చేశారన్నది రాసిపెట్టడం. పెద్ద పథకాలు తమ నిధుల్లో ఒక వాటాను మొదటి ఏడాదే ఇందుకు కేటాయించాలి, పథకం ముగిసే ఏడాది కాదు.