కొత్త రొమ్ము కుదురుకోనివ్వండి

(రోగుల కుటుంబ సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది ఇళ్లలో పెద్దగా మాట్లాడుకోని విషయం. రొమ్ము గురించి. మీలో భర్తలు ఉన్నారు, అన్నదమ్ములు ఉన్నారు, అత్తగార్లు ఉన్నారు. సిగ్గుపడవలసిన పని లేదు. కాలు విరిగితే ఎంత మామూలుగా మాట్లాడుకుంటామో ఇదీ అంతే.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి రొమ్ము తీసివేశాక, ఆ చోట ఇంప్లాంట్ పెట్టి ఆకారాన్ని తిరిగి తెచ్చే ఆపరేషన్ ఇప్పుడు పెద్ద ఊళ్లలో చేస్తున్నారు. హైదరాబాదులోనో, వెల్లూరులోనో ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవారు కట్లు మార్పించుకోవడానికి దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వస్తారు. క్యాన్సర్ లేకపోయినా రొమ్ములు చిన్నవిగా ఉన్నాయని ఇంప్లాంట్ పెట్టించుకునేవారు కూడా కొందరున్నారు. అది మంచిదా కాదా అన్న చర్చ నాది కాదు. ఇంప్లాంట్ కుదురుకునే తీరు చాలావరకు ఇద్దరికీ ఒకటే.

నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా కట్టు విప్పిన రోజు గురించి. ఆ రోజు చూసినవారు ఉలిక్కిపడతారు. రొమ్ము మెడ వైపు ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. పైభాగం ఉబ్బి, కిందిభాగం చదునుగా ఉంటుంది. చర్మం బిర్రుగా, నిగనిగలాడుతూ, అక్కడక్కడా కమిలి ఉంటుంది. "ఇదేమిటమ్మా, రాయిలా ఉంది! ఇంత డబ్బు పోసి చేయించింది ఇందుకేనా?" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆమె అద్దంలో చూసుకునే ముందు మీ ముఖంలోనే చూసుకుంటుందని మరచిపోకండి. అప్పుడు కనబడే రూపం చివరి రూపం కాదు.

అలా ఎందుకు ఉంటుందో చెబుతాను. ఇంప్లాంట్ అంటే సిలికాన్ తొడుగు. దాని లోపల చిక్కని సిలికాన్ జెల్ గాని, ఉప్పునీరు గాని ఉంటుంది. 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో క్రోనిన్, జెరో అనే ఇద్దరు డాక్టర్లు మొదటిసారిగా సిలికాన్ ఇంప్లాంట్‌ను ఒక స్త్రీకి అమర్చారు. ఎక్కువగా దీన్ని ఛాతీ కండరం కింద పెడతారు. ఈ మధ్య కొందరు సర్జన్లు కండరం పైన కూడా పెడుతున్నారు. కండరం కింద పెట్టినప్పుడు, తన కిందికి ఏదో వచ్చి చేరిందని ఆ కండరం బిగుసుకుని దాన్ని పైకి నొక్కిపెడుతుంది. దానికి ఆపరేషన్ వాపు తోడవుతుంది. కిందివైపు చర్మం ఇంకా సాగలేదు. అందుకని ఇంప్లాంట్ దిగడానికి చోటు ఉండదు.

కొత్తగా అల్లిన నులక మంచం చూశారు కదా. మొదట్లో చెక్కబల్లలా ఉంటుంది. కొన్నాళ్లు పడుకుంటే గాని నడుమ భాగం ఒంటికి అమరదు. ఇదీ అటువంటిదే. మొదటి రెండు మూడు వారాల్లో వాపు చాలావరకు తీస్తుంది. ఆరు వారాల నాటికి కండరం మెత్తబడుతూ వస్తుంది, కిందివైపు చర్మం సాగుతుంది, ఇంప్లాంట్ మెల్లగా తన చోటికి దిగుతుంది. మూడు నెలలకు ఆకారం ఇంచుమించు తెలుస్తుంది. కొందరికి ఆరు నెలలూ పడుతుంది. రెండు వైపులా పెట్టినవారికి ఒకటి ముందు దిగి, రెండవది వెనకబడడం మామూలే. పని చేసే చేతివైపు కండరం బలంగా ఉంటుంది గనుక ఆ వైపు ఆలస్యం కావచ్చు. ఒక వైపే పెట్టినవారికి రెండవ వైపుతో అచ్చంగా సరిపోకపోవచ్చు. అది సర్జన్ ముందే చెప్పి ఉంటారు. మీరు రోజూ కొలత పెట్టి చూడనక్కరలేదు.

రేడియేషన్ తీసుకున్నవారి సంగతి వేరు. అక్కడి చర్మం బిరుసెక్కి త్వరగా సాగదు. బయటి వస్తువు లోపల ఉంటే శరీరం దాని చుట్టూ పలుచని పొర అల్లుకుంటుంది. ఇది అందరికీ జరుగుతుంది, మంచిదే. ఇంప్లాంట్‌ను పట్టి ఉంచేది ఆ పొరే. అయితే కొందరిలో ఆ పొర మందమై ఇంప్లాంట్‌ను పిండినట్టు బిగిస్తుంది. రేడియేషన్ అయినవారిలో ఇది ఎక్కువ. నెలలు గడిచేకొద్దీ రొమ్ము మెత్తబడవలసింది పోయి గట్టిపడుతూ, ఆకారం మారుతూ, నొప్పి పెడుతుంటే సర్జన్‌కు చూపించాలి. మొదటి వారాల గట్టిదనం వేరు, ఇది వేరు. మొదటిది రోజురోజుకూ తగ్గుతుంది, రెండవది పెరుగుతుంది.

కొందరికి ఒకేసారి ఇంప్లాంట్ పెట్టరు. ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెట్టి, గాయం మానాక వారానికో రెండు వారాలకో ఒకసారి సూదితో సెలైన్ నింపుతూ చర్మాన్ని సాగదీస్తారు. నింపిన రోజు, మరునాడు బిగుతుగా నొప్పిగా ఉంటుంది. తరువాత మరో ఆపరేషన్‌లో అది తీసి ఇంప్లాంట్ పెడతారు. ఒక జాగ్రత్త. చాలా ఎక్స్‌పాండర్లలో అయస్కాంతం ఉంటుంది. నడుము నొప్పికో తలనొప్పికో ఎవరైనా ఎం.ఆర్.ఐ. తీయిద్దామంటే, ఎక్స్‌పాండర్ ఉందని మొదటే చెప్పండి. ఆమె చెప్పలేని స్థితిలో ఉంటే మీరే చెప్పాలి.

ఇక ఇంట్లో జరిగే సంగతులకు వద్దాం. నా అనుభవంలో ఆపరేషన్ తరువాతి చిక్కులు కొన్ని ప్రేమ వల్లే వస్తాయి. గట్టిగా ఉందని అమ్మ ఆముదం రాసి మర్దన చేస్తుంది. నొప్పి అంటే వేడినీళ్ల కాపడం పెడుతుంది. రొమ్ము తీసేటప్పుడు చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరాలు తెగుతాయి గనుక అక్కడ వేడి తెలియదు. ఒక తల్లి రాత్రిపూట కూతురికి వేడినీళ్ల సంచి పెట్టింది. ఆ అమ్మాయి హాయిగా ఉందనుకుని నిద్రపోయింది. తెల్లవారి చూస్తే బొబ్బలు. ఆ చర్మం మానడానికి వారాలు పట్టింది, కీమోథెరపీ కూడా అంతమేర వెనక్కి జరిగింది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీకు ఇప్పుడు చెబుతున్నాను. కాపడం వద్దు. ఐసుగడ్డ కూడా నేరుగా పెట్టవద్దు, చలి కూడా ఆమెకు తెలియదు. మర్దన అంటారా, కొన్ని రకాల ఇంప్లాంట్లకు సర్జన్ కొన్నాళ్ల తరువాత ఒక పద్ధతిలో నొక్కమని చెప్పవచ్చు, కొన్నింటికి అసలు వద్దంటారు. ఆయన నోటి వెంట వచ్చేదాకా ఎవరూ చేయి వేయకూడదు. పక్కింటావిడకు చెప్పిన పద్ధతి మీ ఇంటికి పనికిరాదు.

పడుకునేటప్పుడు వెల్లకిలా, తలగడలు పేర్చి వీపు ఎత్తుగా ఉంచాలి. నాలుగు నుంచి ఆరు వారాల వరకు బోర్లా పడుకోకూడదు. చాప మీద పడుకునే అలవాటున్నవారికి ఇది కష్టమే, ఎందుకంటే లేచేటప్పుడు చేతుల మీద బరువు ఆనించి లేస్తారు. అప్పుడు ఛాతీ కండరం ఒక్కసారిగా బిగుస్తుంది. ఆ కొన్నాళ్లు మంచం ఆమెకు ఇచ్చి మీరు చాప మీద పడుకోండి.

నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, బియ్యం మూట, చేతిపంపు కొట్టడం, బట్టలు పిండడం, పిండి రుబ్బడం, ఎత్తు అటక మీది డబ్బాలు అందుకోవడం, ఇవన్నీ సర్జన్ సరేననేదాకా వేరేవారు చేయాలి. చంటిబిడ్డను ఎత్తుకోవడం కూడా వద్దు. కూర్చున్నాక బిడ్డను తెచ్చి ఒడిలో పెట్టండి. అలాగని చేతిని కదపకుండా ఒంటికి అతికించుకుని కూర్చోబెడితే భుజం పట్టేస్తుంది. మొదటి రోజు నుంచే నడవాలి. అన్నం కలుపుకోవడం, ముఖం కడుక్కోవడం వంటివి తానే చేసుకోవచ్చు. భుజం కన్నా పైకి చేయి ఎత్తే వ్యాయామాలు ఎప్పుడు మొదలుపెట్టాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. తల దువ్వి జడ వేసే పని కొన్నాళ్లు భర్తదో కూతురిదో అనుకోండి. నవ్వుతున్నారు కదా అయ్యా, నేర్చుకుంటే వస్తుంది.

లోపల వైరు లేని, ముందువైపు హుక్కులున్న మెత్తటి బ్రా వేయాలి. బిగుతు జాకెట్టు వద్దు. గొలుసు కుట్లకు రాసుకుంటుంటే కొన్నాళ్లు తీసి దాచండి. డ్రెయిన్ గొట్టంతో ఇంటికి పంపితే రోజూ ఎంత ద్రవం వచ్చిందో కొలిచి, తారీఖు వేసి కాగితం మీద రాయండి. సాధారణంగా 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గాక గొట్టం తీస్తారు. ఆ కాగితం లేకుండా వస్తే మేము అంచనా మీద చెప్పవలసి వస్తుంది.

పథ్యం గురించి అడుగుతారు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ దురద అని మాన్పించేస్తారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు, ఆకుకూరలు పెట్టండి. చారు మెతుకులతో గాయం మానదు. షుగరు ఉంటే అదుపులో ఉంచాలి. ఇంట్లో బీడీ, సిగరెట్ కాల్చేవారు ఆమె ఉన్న గదిలో కాల్చకండి. ఆమెకే పొగాకు అలవాటుంటే, చుట్ట అయినా సరే, మానాలి. నికోటిన్ చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేటట్టు చేస్తుంది. రక్తం అందని చర్మం నల్లబడి విడిపోతుంది, లోపలి ఇంప్లాంట్ బయటపడుతుంది.

ఇంతసేపూ ఓపిక పట్టండి అన్నాను. ఓపిక పట్టకూడనివి కూడా ఉన్నాయి. మొదటి రోజుల్లో ఒక వైపు ఉన్నట్టుండి ఉబ్బి, బిర్రెక్కి, నొప్పి పెరిగితే లోపల రక్తం చేరిందని అర్థం కావచ్చు. ఆ రాత్రే తీసుకురండి, తెల్లవారనీ అనకండి. జ్వరం, చలి, ఎర్రదనం వ్యాపించడం, కుట్లలోంచి చీము లేదా వాసన గల నీరు రావడం, కుట్టు విడిపోవడం, చర్మం నల్లబడడం, ఇవన్నీ అదే రోజు చూపించవలసినవి. కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయవద్దు. ఆయాసం అనగానే నీరసం అని గ్లూకోజు ఎక్కించి పంపేసే చోటికి కాదు, ఆసుపత్రికి తీసుకురావాలి.

భర్తలకు ఒక మాట. ఆ రొమ్ముకు మునుపటి స్పర్శ ఉండదు. కొంత తిరిగి రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఆమె దూరం జరిగితే మీ మీద కోపం కాదు. తాకితే ఇంప్లాంట్ పగిలిపోతుందని మీరు భయపడనక్కరలేదు, గాయం మానేవరకు మాత్రం ఆగాలి. క్యాన్సర్ అంటుకునేది కాదు. ఇంప్లాంట్ వల్ల పాత రొమ్ము క్యాన్సర్ తిరిగి వస్తుందన్నది నిజం కాదు. ఆకారం బాగా వచ్చింది కదా, ఇక చాలు అని కీమో, రేడియేషన్, మాత్రలు మానేయడమే అసలు ప్రమాదం.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. ఏళ్లు గడిచాక మార్చవలసి రావచ్చు. సిలికాన్ జెల్ ఇంప్లాంట్ లోపల చిరిగినా బయటికి తెలియకపోవచ్చు గనుక ఐదారేళ్లకు ఒకసారి, ఆ తరువాత రెండు మూడేళ్లకు ఒకసారి అల్ట్రాసౌండ్ గాని ఎం.ఆర్.ఐ. గాని చేయించుకోవాలని అమెరికా ఔషధ సంస్థ 2020లో సూచించింది. 2019లో గరుకు పైపొర ఉన్న ఒక కంపెనీ ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. వాటి చుట్టూ ఉన్న పొరలో అరుదుగా ఒక రకం లింఫోమా వస్తున్నట్టు తేలింది. ఏడాది, రెండేళ్లు, ఇంకా ఎక్కువ కాలం బాగానే ఉండి, తరువాత ఒక వైపు నీరు చేరి ఉబ్బడం దాని గుర్తు. అందుకే ఎన్నేళ్ల తరువాత అయినా కొత్తగా వాపు వస్తే చూపించుకోవాలి.

అటువంటప్పుడు డాక్టరు మొదట అడిగేది, లోపల ఉన్నది ఏ కంపెనీది, ఏ రకం, ఎన్ని సీసీలు అని. ఆపరేషన్ రోజున ఒక చిన్న కార్డు ఇస్తారు, ఆ వివరాలూ సీరియల్ నంబరూ దాని మీద ఉంటాయి. చాలా ఇళ్లలో ఆ కార్డు మందుల చీటీలతో కలిసి పోతుంది. ఇంటికి వెళ్లగానే వెతికి, రెండు జిరాక్సులు తీసి, ఒకటి ఆమె పర్సులో, ఒకటి రేషన్ కార్డు దాచే చోట పెట్టండి. కార్డు దొరకనివారు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి డిశ్చార్జి చీటీ తీసుకువెళ్లి అడగండి. అక్కడి ఆపరేషన్ రికార్డులో ఆ నంబరు ఉంటుంది.