తెల్ల కాగితం మీద వేలు పెట్టొద్దు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడరు ప్రసంగం)

నేను పదో తరగతి వరకే చదివాను. పొదుపు లెక్కలు ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను మా గ్రూపులో జరిగిన ఒక్క విషయమే చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

మా గ్రూపులో ఒక అక్క భర్త గుంటూరులో ఒక గోడౌనుకు రాత్రి వాచ్‌మన్. వయసు 40. 2021 వానాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయింది. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని ఓనరు పెట్రోలు జనరేటరును లోపలే పెట్టించాడు. జల్లు కొడుతోందని షట్టరు దించుకున్నారు. లోపల ఇద్దరు మనుషులు. తెల్లారి షట్టరు ఎత్తేసరికి బావగారు చనిపోయి ఉన్నాడు. రెండో అతనికి స్పృహ లేదు.

ముందు గుండెపోటు అన్నారు. తర్వాత తాగి పడుకున్నాడన్నారు. రెండో అతని రక్తం పరీక్ష చేసిన డాక్టరు గారు చెప్పాకే అసలు సంగతి తెలిసింది. అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుందట. మేలుకొని ఉన్నవాళ్లకు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు.

మూడో రోజు ఓనరు తరఫున పెద్దమనుషులు వచ్చారు. రెండు లక్షలు ఇస్తాం, ఇక ఏ కేసూ లేదని రాసివ్వమన్నారు. అక్క నా మొహం చూసింది. నేను "తీసుకో అక్కా" అన్నాను. ఎందుకన్నానో నిజం చెబుతాను. ఆమె బ్యాంకు లోను కంతులు రెండు బాకీ ఉన్నాయి. ఆమె కట్టకపోతే గ్రూపుకు మళ్లీ లోను రాదని నా భయం. ఆమె ఇద్దరు పిల్లల్ని నేను చూడలేదు, కంతునే చూశాను.

ఆపింది అక్కే. ఆ కాగితంలో "మద్యం మత్తులో మరణించాడు" అని రాసి ఉంది. నేను చదివి వినిపించాను. "మా ఆయన్ని తాగుబోతని రాసిన కాగితం మీద నేను వేలు పెట్టను" అంది. నాకు సిగ్గేసింది.

మర్నాడు ఇద్దరం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాం. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. పని చేసే చోట ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఇప్పించే చట్టం 1923 నుంచే ఉందని లాయరమ్మ చెప్పింది. అది కార్మిక శాఖ అధికారి దగ్గర వేసే కేసు. రెండేళ్ల లోపు వేయాలి. నిర్లక్ష్యం మీద పోలీసు కేసు వేరు, అది తేలేదాకా ఆగక్కర్లేదు. పని వల్ల, పనిలో ఉండగా జరిగిందని చూపిస్తే చాలు. చావు కేసులో తాగి ఉన్నాడనే సాకు చెల్లదు. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. పరిహారం డబ్బు ఓనరు మన చేతిలో పెట్టకూడదు, అధికారి దగ్గరే కట్టాలి.

లెక్క కూడా చెప్పింది. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో హెచ్చించాలి. 40 ఏళ్లకు ఆ అంకె 184.17. జీతం 12,000. అందులో సగం 6,000. హెచ్చిస్తే 11,05,020 రూపాయలు. మేము రెండు లక్షలకు ఒప్పుకోబోయాం!

ఇక రుజువులు. జీతం రిజిస్టరు లేదన్నాడు ఓనరు. నెలనెలా ఫోన్‌పేలో పంపిన 12,000 అక్క బ్యాంకు పుస్తకంలో ఉంది. పోస్టుమార్టం రిపోర్టు, రక్తం పరీక్ష రిపోర్టు తెచ్చుకున్నాం. జనరేటరు లోపల పెట్టమన్నది ఓనరేనని రెండో అతను సాక్ష్యం చెప్పాడు. అతనికి ఇప్పటికీ మతిమరుపు ఉంది, అయినా ఆ మాట మరవలేదు.

ఏడాదిన్నర తిరిగాం. ఆ కాలమంతా అక్క కంతు గ్రూపు కట్టాలని తీర్మానం రాసుకున్నాం. బస్సు ఛార్జీలు పొదుపు నుంచి ఇచ్చాం. ఒకరిద్దరు గొణిగారు, నిజమే. చివరికి పూర్తి మొత్తం, వడ్డీ ఇవ్వాలని ఆర్డరు వచ్చింది. పిల్లల వాటా బ్యాంకులో డిపాజిట్ వేయించారు. అక్క తన వాటాలోంచి గ్రూపు బాకీ పైసలతో సహా తీర్చింది.

డబ్బుతో మనిషి తిరిగి రాడు. కానీ ఆ ఆర్డరు కాపీలో బావగారి చావుకు కారణం విషవాయువు అని ఉంది. అక్క దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకుంది.

అక్కలారా, మూడు మాటలు. జనరేటరును ఎప్పుడూ ఇంటి లోపల, దుకాణం లోపల నడపొద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. ఇంట్లో ఏదైనా జరిగితే పోస్టుమార్టం వద్దనకండి, ఒక్క కాగితం పారేయకండి, చదివించుకోకుండా వేలు పెట్టకండి.

నాలాంటి లీడర్లకు ఒక మాట. కష్టం వచ్చిన ఇంటికి వెళ్లేటప్పుడు కంతుల పుస్తకం గ్రూపు పెట్టెలోనే ఉంచి వెళ్దాం.