పెంబర్తి సుత్తి దెబ్బ: కండరం, నరం, కదలిక

జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును లక్కమీద అంటించి, ఒక చేత ఉలి పట్టి, మరో చేత సుత్తి వేస్తూ నగిషీ తీస్తారు. దెబ్బ ఎక్కువైతే రేకు చిరుగుతుంది, తక్కువైతే పువ్వు తేలదు. పైగా ఇత్తడి కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి. కాల్చకముందు వేసిన దెబ్బే కాల్చాక కూడా వేస్తే పని చెడుతుంది.

ఆ దెబ్బ వేసే చేతి కండరానికి లాగడం తప్ప నెట్టడం రాదు. అందుకే మోచేతిని ముడవడానికి జబ్బ ముందు ఒకటి, చాచడానికి వెనక ఒకటి. ముందు కండరం మోచేతి కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఎముకను పట్టుకుంటుంది. అరచేయి ముప్పై సెంటీమీటర్లకు అవతల ఉంటుంది. కాబట్టి చేతిలోని బరువుకు ఏడెనిమిది రెట్ల బలంతో కండరం లాగాలి. బలంలో పోయింది వేగంలో దక్కుతుంది: కండరం ఒక సెంటీమీటరు కుంచించుకుంటే చేయి ఏడెనిమిది సెంటీమీటర్లు కదులుతుంది.

కండరం లోపల మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగులను పట్టి లాగుతాయి. పోగులు పొట్టిగా మారవు, ఒకదానిపై ఒకటి జారతాయి. 1954లో రెండు బృందాలు విడివిడిగా ఈ సంగతి తేల్చాయి. ఈ పనికి ఇంధనం ఏటీపీ. దాన్ని క్షణాల్లో తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం వల్లనే వస్తుందన్న అప్పటి నమ్మకం దాంతో సడలింది.

ఎంత వేగంగా కుంచించుకుంటే కండరం బలం అంత తగ్గుతుందని 1938లో శరీరధర్మ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ లెక్క కట్టాడు. బరువు కింద సాగేటప్పుడు మాత్రం బలం పెరుగుతుంది. భూపాలపల్లి గనుల్లో ఏటవాలు దారి దిగేవాడి తొడ కండరాలు చేసేది ఈ పనే. ఆయాసం తక్కువ, కానీ అలవాటు లేనివాడికి మర్నాడు తొడలు పట్టేస్తాయి.

ఒక నాడీకణం, అది నడిపే కండర తంతువులు కలిసి ఒక జట్టు. కంటి కండరాల్లో జట్టుకు పది, ఇరవై తంతువులు. పిక్కలో వెయ్యికి పైగా. చిన్న జట్లు ముందు కదులుతాయి, బలం చాలకపోతే పెద్దవి వచ్చి చేరతాయి. నగిషీలో సన్నగీతకు చిన్నవే చాలు.

కండరం ఎంత సాగిందో దాని లోపలి కదురు ఆకారపు గ్రాహకాలూ, ఎంత బిగిసిందో స్నాయువుల్లోని గ్రాహకాలూ వెన్నుపాముకు చెబుతాయి. ఆ కబురు మీద చేయి సర్దుకోవడానికి సెకనులో ముప్పయ్యో వంతు పడుతుంది. కంటితో చూసి దిద్దుకోవాలంటే అయిదారు రెట్లు ఎక్కువ. అప్పటికి సుత్తి దిగిపోయి ఉంటుంది. కాబట్టి దెబ్బ ఎలా పడబోతోందో చిన్నమెదడు ముందే అంచనా కట్టాలి. తప్పు తర్వాతి దెబ్బకు పాఠం.

1920లలో మాస్కోలో శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టైన్ ఉలి, సుత్తితో లోహం కోసే పనివాళ్ల చేతులకు చిన్న దీపాలు కట్టి ఫొటోలు తీశాడు. ఆరితేరినవాడి సుత్తి కొన ప్రతిసారీ దాదాపు ఒకే చోట పడింది. భుజం, మోచేయి, మణికట్టు మాత్రం ప్రతి దెబ్బకూ వేరేగా కదిలాయి. ఒక కీలు చేసిన తప్పును మరొకటి సర్దుతోంది. పెంబర్తి పనివాడు ఇత్తడి గట్టిదనానికి తగ్గట్టు దెబ్బ మార్చగలిగేదీ ఈ వెసులుబాటు వల్లనే.

కొత్తగా నేర్చేవాడు ముందు, వెనక కండరాలను ఒకేసారి బిగిస్తాడు. మోచేయి, మణికట్టు కొయ్యబారి, దెబ్బంతా భుజంనుంచే వస్తుంది. చేయి తొందరగా నొప్పెడుతుంది. పని చేయగా చేయగా మొదట మోచేయి వదులవుతుంది, ఆఖరున మణికట్టు.